వ్రోరా! కుయా! అన్నయ్యా!

పోయిన ఆదివారం సాయంత్రం నేనూ మా మనవరాలు బుజ్జీ వీధి అరుగు మీద చల్లగాలికి కూర్చుని ఉన్నాం. దుబాయ్ నుంచి పెద్ద మనవడు ఫోన్ చేశాడు. మా కోనసీమలో గల్ఫ్‌కి వెళ్లిన మనిషి లేని వీధి ఉండదు. మావాడూ అక్కడొక గోదాములో సరుకు లెక్కలు రాస్తుంటాడు. కుశలప్రశ్నలు అయ్యాక వాడో సంగతి అడిగాడు.

"తాతయ్యా! ఇక్కడ మా వ్యాను నడిపే పఠాన్ నన్ను 'వ్రోరా' అని పిలుస్తాడు. మొన్న చెయ్యి బెణికితే కట్టు కట్టిన ఫిలిప్పీన్స్ నర్సమ్మ 'కుయా' అంది. ఏమిటా మాటలు?"

"రెండూ అన్నయ్యా అని పిలవడమేరా. బస్సులో ముక్కూమొహం తెలియనివాణ్ణి మనం 'అన్నా, కాస్త జరుగు' అంటాం చూడు, అలాగన్నమాట. పఠాన్‌ది పష్తో భాష. నర్సమ్మది ఫిలిపినో."

పక్కనుంచి బుజ్జి అందుకుంది. "అయితే ఆ రెండు భాషలూ చుట్టాలా తాతయ్యా? మనకేమైనా అవుతాయా?"

పదకొండేళ్ల పిల్ల అడిగిన ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి పెద్దపెద్ద పండితులకి రెండు వందల ఏళ్లు పట్టింది. ఆ సాయంత్రం ఫోన్ స్పీకర్‌లో పెట్టి వాళ్లిద్దరికీ చెప్పిన కబుర్లే ఇవి.

ముందు ఇళ్లెక్కడో తెలుసుకుందాం. పష్తో కొండల భాష. హిందూకుష్ పర్వతాల దిగువన కాబూల్ నది లోయ, కాందహార్, పెషావర్, స్వాత్, క్వెట్టా దాని సీమ. అఫ్ఘానిస్తాన్‌లో దరీతో పాటు అది అధికార భాష. అయినా ఆ భాష మాట్లాడేవాళ్లు అక్కడికన్నా పాకిస్తాన్‌లోనే ఎక్కువ. మొత్తం మీద నాలుగు కోట్లకు పైమాటే. రవీంద్రుడి కాబూలీవాలా, మన సరిహద్దు గాంధీ ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ ఆ జాతివాళ్లే. గఫార్ ఖాన్ గారు 1928లో 'పఖ్తూన్' అని సొంతభాషలో పత్రిక కూడా పెట్టారు.

ఫిలిపినో నీళ్ల మధ్య భాష. ఫిలిప్పీన్స్ అంటే 7,641 దీవులు, నూట యాభైకి మించిన భాషలు. వాటిలో మనీలా చుట్టుపక్కల మాట్లాడే తగలాగ్‌ని ఆధారంగా చేసుకుని 1937లో జాతీయ భాషను ఎంచారు. 1959లో దానికి 'పిలిపినో' అని పేరు పెట్టారు. 1987 రాజ్యాంగం 'ఫిలిపినో' అంది. 'పి' కాస్తా 'ఫి' ఎందుకయిందంటే, తగలాగ్‌లో మొదట ఫ లేదు. స్పానిష్, ఇంగ్లీషు మాటలతో వచ్చింది. పష్తోలోనూ అంతే. ఫ అరువు అక్షరం, పల్లెల్లో దాన్ని ప అనే పలుకుతారు. మా ఊళ్లో కాఫీని కాపీ అనే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ విషయంలో ముగ్గురమూ ఒకటే.

ఇక చుట్టరికం. "బుజ్జీ, మన వీధిలో మన ఇంటిపేరే ఉన్నవాళ్లు ఇంకో ఇద్దరున్నారు కదా, వాళ్లు మనకేమవుతారు?" అని అడిగాను. "ఏమీ కారు, గోత్రం వేరు" అంది. అదీ సంగతి. భాషల్లోనూ ఇంటిపేరు చూసి మోసపోకూడదు, గోత్రం చూడాలి. గోత్రం తెలిసేది అంకెల్లో, అమ్మానాన్నల పిలుపుల్లో, కన్ను, ముక్కు, నీళ్లు లాంటి మాటల్లో. ఇవి ఎవరూ సంతలో కొనుక్కురారు. తల్లి ఒళ్లోనే వస్తాయి.

పఠాన్‌ని పది వరకు లెక్కపెట్టమంటే ఇలా అంటాడు: యవ్, ద్వ, ద్రే, ౘలోర్, పిన్ౙ, ష్పగ్, ఓవ, అత, నహ, లస్. ఇప్పుడు మన పంతులుగారి లెక్క పక్కన పెట్టుకోండి. ద్వి, త్రి, చతుర్, పంచ, షట్, సప్త, అష్ట, నవ, దశ. రెండు నుంచి అయిదు దాకా వినగానే పోలిక తెలిసిపోతుంది. ఓవ, లస్ దగ్గర ఆగిపోతాం. సప్త ఎక్కడ, ఓవ ఎక్కడ!

అక్కడే అసలు శాస్త్రం ఉంది. ఇరాన్ వైపు భాషల్లో పాత 'స' చాలాచోట్ల 'హ' అయింది. మన సింధు వాళ్ల నోట హిందు అయింది. అలాగే సప్త హప్త అయింది. వారానికోసారి వసూలు చేసే 'హఫ్తా' తెలుసు కదా, అది ఏడు అనే మాటే, ఏడు రోజులకొకసారి కాబట్టి. పష్తో ఇంకో అడుగు వేసి ఆ 'హ'ని కూడా వదిలేసింది. ప మెత్తబడి వ అయింది. చివరికి మిగిలింది ఓవ. ఇక దశ సంగతి. పష్తోలో పాత 'ద' 'ల' అవుతుంది. ఒక్క మాటలో కాదు, వరసగా. దశ లస్ అయింది. దుహిత, అంటే కూతురు, లూర్ అయింది. ఉర్దూలో దీదార్ అంటాం కదా, ఆ చూపుకి సంబంధించిన పారశీక క్రియ దీదన్, పష్తోలో లీదల్.

ఇలా ఒక ధ్వని వరసగా, ఒక పద్ధతి ప్రకారం మారడం చుట్టరికానికి గట్టి సాక్ష్యం. ఇదేదో దూరదేశపు వింత కాదు, మనింట్లోనూ ఉంది. కన్నడంవాళ్ల కివి మన చెవి. వాళ్ల కెరె మన చెరువు. వాళ్ల కిరు మన చిరు. ఇ, ఎ ముందు వాళ్ల 'క' మన 'చ' అయిందన్నమాట. కన్నడం, తెలుగు ఒక తల్లి బిడ్డలని చెప్పేది ఆ వరసే.

ఇప్పుడు మావాడి 'వ్రోరా' దగ్గరికి రండి. వ్రోర్ అంటే సోదరుడు. పిలిచేటప్పుడు వ్రోరా. అది మన సంస్కృతంలోని భ్రాతా. భ వ అయింది, ఆ ఓ అయింది. అదే లెక్కన మాతా మోర్ అయింది. పఠాన్‌లు దారిలో ఎదురుపడితే 'స్తడై మ షే' అంటారు. 'అలసట నీ దరి చేరకూడదు' అని. అవతలివాడు 'ఖ్వార్ మ షే', 'నీకు దీనస్థితి రాకూడదు' అని బదులిస్తాడు. కొండలెక్కి దిగేవాళ్లకి ఇంతకన్నా మంచి దీవెన ఏముంటుంది! ఆ నడుమనున్న 'మ' కూడా మనకి తెలిసినదే. సంస్కృతంలో వద్దు అనడానికి వాడే 'మా' అదే. వేల ఏళ్లు, ఎన్నో రాజ్యాలు గడిచినా ఆ ఒంటి అక్షరం అలాగే ఉంది. నాకు ఇలాంటివి చూస్తే ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకో మాట. ఆ డ్రైవర్‌ది స్వాబి జిల్లా అని మనవడు చెప్పాడు. వ్యాకరణానికి తాత పాణిని పుట్టిన శలాతురం ఆ జిల్లాలోనేనని పండితులు గుర్తించారు. ఆయన కాలంలో అక్కడ పష్తో లేదు, ఇప్పుడు ఉంది. ఆ డ్రైవర్ బాబు అటువంటి నేల బిడ్డ అని మావాడికి గట్టిగా చెప్పాను.

సరే, ఇక నర్సమ్మ లెక్క వినండి. ఇసా, దలవా, తత్లో, ఆపత్, లిమా, ఆనిమ్, పితో, వలో, సియామ్, సంపూ. ఏమైనా తగిలిందా? తగలదు. దీని గోత్రం వేరు. దాన్ని ఆస్ట్రోనేషియన్ కుటుంబం అంటారు. వెయ్యికి పైగా భాషలున్న మహా వంశం అది. కొన్ని వేల ఏళ్ల కిందట తైవాన్ నుంచి పడవలెక్కిన రైతులు, జాలర్లు సుమారు 4,000 ఏళ్ల కిందటికి ఫిలిప్పీన్స్ దీవుల్లో దిగారు. అక్కడి నుంచి ఒక కొమ్మ పడమటికి హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ చేరింది. మరో కొమ్మ తూర్పున హవాయి, ఈస్టర్ దీవి దాకా పాకింది. దిక్సూచి లేదు, చుక్కలూ అలలూ పక్షులూ చూసుకుంటూ పోయారు.

వాళ్లు ఎటు వెళ్లారో చెప్పే గుర్తులు మాటలే. ఫిలిపినోలో కన్ను మతా. మలయ్‌లో మత, న్యూజిలాండ్ మావోరీలో మత, హవాయిలో మక, మడగాస్కర్‌లో మసు. అయిదు లిమా. మలయ్‌లో, హవాయిలో అదే లిమ, మావోరీలో రిమ, మడగాస్కర్‌లో దిమి. హవాయిలో లిమ అంటే చెయ్యి కూడా. అయిదు వేళ్లు కదా! ఆకాశం ఫిలిపినోలో లాఙిత్, మావోరీలో రఙి, హవాయిలో లని. మనవాళ్లు సముద్రాన్ని హద్దు అనుకుంటారు. వాళ్లకి అది ఊళ్లని కలిపే దారి.

ఇక్కడ బుజ్జి నన్ను నిలదీసింది. ఇంగ్లీషు పుస్తకంలో చదివిందట, మలయ్‌లో రెండుని 'దువ' అంటారని. "పఠాన్ ద్వ, మన ద్వి, మలయ్ దువ. మరి చుట్టాలే కదా?" పిల్ల భలే పట్టుకుంది. కానీ అది ఉత్త కాకతాళీయం. తైవాన్ కొండల్లో పైవాన్ అనే పాత ఆస్ట్రోనేషియన్ భాష ఉంది. అందులో రెండు 'దుస'. ఫిలిప్పీన్స్‌లోనే సెబు దీవివాళ్లు 'దుహ' అంటారు. ఆ నడిమి స, హ రాలిపోతే మిగిలింది దువ. అంటే వెనక్కి వెళ్లేకొద్దీ మన ద్వికి దగ్గర కావలసింది పోయి దూరం జరిగిందన్నమాట. ఒక్క అంకె కలిస్తే చాలదు, పదీ వరసగా కలవాలి. పోలిక పైన కనబడితే వెనక తరాన్ని అడగాలి. పెళ్లి సంబంధాలకి ఏడు తరాలు చూసేవాళ్లు, భాషకి ఒక్క తరం చూసి తీర్పు చెప్పకూడదు.

అయితే ఫిలిపినోలో మన మాటలు లేవా? బోలెడున్నాయి. అదే ముచ్చట. గురో అంటే ఉపాధ్యాయుడు, ముఖా అంటే ముఖం, ఆసా అంటే ఆశ, సక్సీ అంటే సాక్షి, దివాతా అంటే అడవిలో ఉండే దేవత. బలీతా అంటే కబురు. అది మన వార్తే, మలయ్ 'బెరిత' మీదుగా వెళ్లింది. కూతా అంటే కోట. దుఖా అంటే బీదవాడు. మన దుఃఖమే అక్కడ పేదరికం అయింది. ఇవన్నీ మలయ్, జావా వర్తకుల పడవల్లో వెళ్లిన మాటలు. ఇచ్చిపుచ్చుకున్నవి. నెత్తురు సంబంధం కాదు, సంత సంబంధం.

ఇక్కడ మన తెలుగు సంగతి ఒకటి చెప్పి తీరాలి. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతానికి, గ్రీకు, లాటిన్‌లకి ఒకే మూలం ఉండాలని చెప్పాడు. పష్తో ఆ కుటుంబంలోదే. అప్పట్లో చాలామంది పండితులు తెలుగు కూడా సంస్కృతం బిడ్డేనని అనుకునేవారు. తెలుగు నిండా సంస్కృత పదాలే కదా మరి. మద్రాసులో కలెక్టరుగా ఉన్న ఎల్లిస్ 1816లో, క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి జోడించిన వ్యాసంలో, అచ్చతెలుగు ధాతువులు చూపించి అది కాదని నిరూపించాడు. తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమని, సంస్కృతం మాటలు అరువు వచ్చినవని తేల్చాడు. ద్రావిడ భాషాశాస్త్రానికి అదే పునాది. గురో, ముఖా, సక్సీ ఉన్నంత మాత్రాన ఫిలిపినో సంస్కృతానికి బిడ్డ కానట్టే, గురువు, ముఖం, సాక్షి ఉన్నంత మాత్రాన తెలుగూ కాదు. పష్తోలో అలాంటి తత్సమాలు మనంతగా కనబడవు. అయినా సంస్కృతానికి నిజమైన దాయాది అదే. చూశారా, ఎవరి ఒంటి మీద నగలున్నాయో వాళ్లు కాదు, ఎవరి ముక్కు తీరు కలిసిందో వాళ్లు చుట్టాలు.

'కుయా' అన్నమాట మరచిపోలేదులెండి. అది చైనా మాట. ఫుజియన్ తీరం నుంచి వచ్చి మనీలాలో స్థిరపడిన వర్తకులు ఇచ్చిపోయింది. అక్కని పిలిచే 'ఆతే' కూడా వాళ్లదే. నాన్నని మాత్రం సొంత మాటతోనే 'అమా' అంటారు. విని బుజ్జి నవ్వి నవ్వి అరుగు దిగింది. అమ్మని అక్కడ 'ఇనా' అంటారు.

పష్తో, ఫిలిపినో గోత్రాలు వేరని తేలింది. కానీ బజార్లో మాత్రం రెండూ కలుసుకున్నాయి. అరబ్బీ హుక్మ్ ఎడారి దారిన వెళ్లి పష్తోలో హుకమ్ అయింది. సముద్రం దారిన మలయ్ మీదుగా వెళ్లి ఫిలిపినోలో హుకోమ్ అయింది. అక్కడ దానర్థం న్యాయాధికారి. నవాబుల కాలంలో మనకీ హుకుం వచ్చింది. సబ్బు చూడండి. పష్తోలో సాబూన్, ఫిలిపినోలో సబోన్. వాళ్లకి స్పెయిన్‌వాళ్లు ఇచ్చారు. 1565 నుంచి 1898 దాకా 333 ఏళ్లు స్పెయిన్ పాలన ఉంది కదా. అందుకే మనకి పోర్చుగీసువాళ్లు తువ్వాలు ఇస్తే, వాళ్లకి స్పానిష్‌వాళ్లు తువల్యా ఇచ్చారు. నర్సమ్మ థాంక్స్ చెబితే 'సలామత్' అంటుంది. అది అరబ్బీ సలామత్ నుంచి వచ్చిందనే చాలామంది చెబుతారు. పఠాన్‌కి సలామత్ అంటే క్షేమం. ఇద్దరూ ఒకే మాట అంటారు, ఒకరు ధన్యవాదంగా, ఒకరు క్షేమంగా.

నేర్చుకునేవాళ్లకి ఏది తేలిక అని మనవడు అడిగాడు. నోటితో మొదలుపెడదాం. పష్తోలో ట, డ, ణ లాంటి మూర్ధన్యాలున్నాయి. ఇరాన్ వైపు భాషల్లో అవి అరుదు. మనవైపు పొరుగు వల్ల పష్తోకి అబ్బాయి. రాతలో ఆ అక్షరాలకి చిన్న సున్నా చుడతారు. చలి, చాప అనేటప్పుడు మనం పలికే దంత్య చ ఉంది చూడండి, పాత పుస్తకాల్లో ౘ అని రాసేవారు, అది పష్తోలో ప్రత్యేకంగా ఒక అక్షరం. జడ, జాము అనేటప్పటి ౙకి కూడా. హిందీవాడికి ఈ రెండూ కష్టం, మనకి ఉగ్గుపాలతో వచ్చినవి. ఒక్క అక్షరం మాత్రం ఊరూరికీ మారుతుంది. కాందహార్‌లో ష, పెషావర్‌లో ఖ. అందుకే భాష పేరే పష్తో, పఖ్తో అని రెండు రకాలు. శుక్ల యజుర్వేదులు కొందరు ష ఉన్నచోట ఖ అని చదువుతారు, అది గుర్తొస్తుంది నాకు.

ఫిలిపినోలో ట, డ గొడవ లేదు. కానీ మన అక్షరమాలలో ఊరికే కూర్చుందని పిల్లలు జాలిపడే ఙ ఉంది కదా, దానికి అక్కడ పట్టాభిషేకం. పన్ను ఙీపిన్. చిరునవ్వు ఙితీ. ఇప్పుడు అంటే ఙయోన్. మా బుజ్జి ఆ సాయంత్రమంతా ఙీపిన్ ఙీపిన్ అంటూ తిరిగింది. ఒకటో తరగతిలో నేర్చుకున్న అక్షరం మొదటిసారి పనికొచ్చిందని దాని సంతోషం.

మాటల కూర్పులో పష్తో మనవైపే. 'జ కోర్ త ౙమ్'. జ అంటే నేను, కోర్ ఇల్లు, త అంటే కి, ౙమ్ వెళ్తున్నాను. నేను ఇంటికి వెళ్తున్నాను. మాటకి మాట సరిపోయింది. ఫిలిపినోలో క్రియ ముందొస్తుంది. 'ఉఊవి అకో స బహాయ్', వెళ్తాను నేను ఇంటికి. మెల్లమెల్లగా, ఇంటింటికీ అని మనం మాట రెట్టించినట్టు పఠాన్ 'వ్రో వ్రో' అంటాడు, మెల్లమెల్లగా అని. ఫిలిపినోవాళ్లు 'ఆరావ్-ఆరావ్' అంటారు, రోజూ అని. ఫిలిపినోలో మొదటి అక్షరాన్ని రెట్టిస్తే భవిష్యత్తు కూడా వస్తుంది. ఊవి అంటే ఇంటికెళ్లడం. ఉఊవి అంటే ఇంటికెళ్తాను.

పష్తోలో ముల్లు ఒకటుంది. జరిగిపోయిన పని చెప్పేటప్పుడు క్రియ చేసినవాణ్ణి కాదు, చేయబడినదాన్ని అనుసరిస్తుంది. అబ్బాయి రొట్టె తిన్నాడు అంటే రొట్టె ఆడదాని కింద లెక్క కాబట్టి క్రియ కూడా ఆడదవుతుంది. హిందీలో 'లడ్కే నే రోటీ ఖాయీ' అన్నట్టే. హిందీ వచ్చినవాళ్లకి భయం లేదు.

ఫిలిపినో క్రియ మాత్రం చేత్తో చేసిన నగిషీ. కాస్త నిలబడి చూడాలి. కొనడానికి ధాతువు బిలీ. దాని నడుముని చీల్చి మధ్యలో 'ఉమ్' పెడితే బుమిలీ. అంటే దీపం కొన్నవాడి మీద పడింది. 'ఇన్' పెడితే బినిలీ, దీపం కొన్న వస్తువు మీద పడింది. బినిల్హాన్ అంటే ఎవరి దగ్గర కొన్నామో ఆ కొట్టువాడి మీద. ఇబినిలీ అంటే ఎవరి కోసం కొన్నామో ఆ మనిషి మీద. ఒకే కొనుగోలు, నాలుగు వైపుల నుంచి నాలుగు క్రియలు! దీపం ఎవరి మీద పడిందో ఆ నామం ముందు 'అఙ్' అని చిన్నమాట నిలుస్తుంది. మనం 'మామిడిపండే కొన్నాను', 'నీకోసమే కొన్నాను' అంటూ 'ఏ' తగిలించి చేసే పనిని వాళ్లు క్రియ కడుపులో చేస్తారు.

ఈ నగిషీని జాగ్రత్తగా విప్పి చూపించినవాడు అమెరికా భాషావేత్త లియొనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఒక ఫిలిప్పీన్స్ విద్యార్థి నోటి కథలు విని, 1917లో తగలాగ్ మీద పెద్ద గ్రంథం తెచ్చాడు. ఆ బ్లూమ్‌ఫీల్డ్‌కి పాణిని అంటే అపారమైన గౌరవం. పాణిని సూత్రాల మీద వ్యాసం కూడా రాశాడు. పష్తో సీమలో పుట్టిన మనిషి చూపు ఫిలిప్పీన్స్ భాషని చూడటానికి పనికొచ్చింది. పష్తో వైపు అంత పని చేసినవాడు నార్వే దేశస్థుడు మోర్గెన్‌స్టియెర్న. 1924లో కాబూల్ వెళ్లి, 1927లో పష్తో మాటల పుట్టుపూర్వోత్తరాల నిఘంటువు అచ్చువేశాడు.

వ్యాకరణంలో ఒక్కచోట మాత్రం ఫిలిపినో అచ్చంగా మన పిల్లే. మనం వేరు, మేము వేరు అని మనకి తెలుసు. ఇంగ్లీషుకి తెలియదు, పష్తోకి తెలియదు. ఫిలిపినోకి తెలుసు. మనం తాయో, మేము కామీ. 'సినిమాకి వెళ్దాం' అన్నప్పుడు ఎదుటివాడు ఉన్నాడో లేడో ఆ ఒక్క మాట చెప్పేస్తుంది. మర్యాద విషయంలోనూ అంతే. మనం 'అండీ' చేర్చినట్టు వాళ్లు 'పో' చేరుస్తారు. సలామత్ పో. అవునండీ అనడానికి 'ఓపో'. మా కోనసీమలో పెద్దవాళ్ల ముందు 'ఆయ్' అంటాం చూడండి, సరిగ్గా అదే. రక్త సంబంధం లేదు, అరువూ కాదు. మనుషుల మధ్య ఉండే మర్యాదకి రెండు చోట్లా ఒకే ఆకారం దొరికింది.

చివరగా రాత. పష్తోది అరబ్బీ లిపికి కొత్త అక్షరాలు చేర్చి చేసుకున్న లిపి, కుడి నుంచి ఎడమకి. యకారానికే అయిదు రూపాలున్నాయి. ఫిలిపినోని ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు. కానీ స్పెయిన్‌వాళ్లు వచ్చేటప్పటికి అక్కడ 'బైబాయిన్' అనే సొంత లిపి ఉంది. 1593లో మనీలాలో అచ్చయిన క్రైస్తవ ప్రార్థనల పుస్తకంలో ఆ లిపిని చూడొచ్చు. ప్రతి హల్లులోనూ అకారం ఉంటుంది. పైన చుక్క పెడితే ఇ, కింద పెడితే ఉ. గుణింతం! మన తెలుగు లిపిలాగే అదీ బ్రాహ్మి సంతానం. ఒక్కటే లోటు, పొల్లు లేదు. మాట చివరి హల్లుని రాయకుండానే వదిలేసేవారు. 1620 ప్రాంతంలో ఫ్రాన్సిస్కో లోపెజ్ అనే పాదిరి శిలువ గుర్తుతో పొల్లు చేర్చాడు. అక్కడివాళ్లు దాన్ని ఇష్టపడలేదు.

ఇంతకన్నా పాతది 1989లో దొరికింది. లగూనా రాష్ట్రంలో నది ఒడ్డున ఇసుక తవ్వుతుంటే చుట్టలా నలిగిన ఒక రాగిరేకు బయటపడింది. పాత మలయ్ భాష, నిండా సంస్కృతం మాటలు, జావా కవి లిపి. ఆ లిపి దక్షిణ భారతపు పల్లవ లిపికి బిడ్డ. మన తామ్రశాసనాల్లాగే స్వస్తితో మొదలవుతుంది. తేదీ శక సంవత్సరం 822, వైశాఖ మాసం, బహుళ చవితి, సోమవారం. ఇప్పటి లెక్కన క్రీ.శ. 900 ఏప్రిల్. నమ్వరన్ అనే ఆయన బంగారం బాకీ తీరిపోయిందని అతని వారసులకి ఇచ్చిన రసీదు అది. ఆంటూన్ పోస్ట్‌మా అనే పండితుడు చదివి చెప్పేదాకా, ఫిలిప్పీన్స్ లిఖిత చరిత్ర అంత వెనక్కి వెళ్తుందని ఎవరికీ తెలియదు. మనీలా జాతీయ మ్యూజియంలో ఉంది. తిథీ వారమూ వేసి రాసిన ఆ బాకీపత్రం సంగతి వింటుంటే, మా తాతగారి దస్తావేజుల పెట్టె తెరిచినట్టుంది నాకు.

మనవడికి నేను చెప్పిన తీర్పు ఇది. వాక్యం కూర్చడానికి పష్తో తేలిక, లిపీ లింగమూ కష్టం. చదవడానికి, పలకడానికి ఫిలిపినో తేలిక, క్రియలు కష్టం. రోజూ ఎదురయ్యేవాడు డ్రైవర్ కాబట్టి ముందు 'స్తడై మ షే' నేర్చుకోమన్నాను. కట్టు విప్పించుకోవడానికి వెళ్లినప్పుడు 'సలామత్ పో' అనమన్నాను.

మీకూ ఒక పని చెబుతాను. హైదరాబాద్‌లోనో, బెంగుళూరులోనో, గల్ఫ్‌లోనో, అమెరికాలోనో మీ పక్కన వేరే భాష మనిషి తప్పకుండా ఉంటారు. ఆ భాషలో ఒకటి నుంచి పది వరకు చెప్పమని అడిగి, తెలుగు అక్షరాల్లో రాసుకోండి. తర్వాత కన్ను, చెయ్యి, నీళ్లు, అమ్మ, నాన్న, అన్న. బజారు మాటలు ఆఖర్న అడగండి. రాసుకున్న కాగితం మీ పిల్లల ముందు పెట్టి, ఏది గోత్రమో ఏది ఇంటిపేరో వాళ్లనే తేల్చమనండి.